తూము రాతి మీద గీత

టికెట్ల కిటికీ వెనక కూర్చున్నవాడికి మనుషుల ముఖాలు కనిపించవు, చేతులే కనిపిస్తాయి. మేడ్చల్ స్టేషన్లో ఆరేళ్ళు ఆ కిటికీ వెనక కూర్చుని నేను చేతుల మీద విసుక్కోవడం బాగా నేర్చుకున్నాను. కొంగు ముడి విప్పలేని చేతులు, ఒక టికెట్టు డబ్బులిచ్చి రెండు టికెట్లు అడిగే చేతులు, లోపలికి పెట్టి మళ్ళీ వెనక్కి తీసుకునే చేతులు. యుద్ధం రోజుల్లో ఒకనాటి పొద్దున మట్టి ఎండి పగుళ్ళలో ఇరుక్కుపోయిన చెయ్యి ఒకటి వచ్చింది. ఎనిమిదింటి బండికి కామారెడ్డి టికెట్టు కావాలంది. ఆ బండి వెళ్ళిపోయి ముప్పావు గంటయింది.

వెళ్ళిపోయిందని చెప్పాను. చెయ్యి కదలలేదు. పోయిన ఏడు ఇదే వేళకు వచ్చి ఇదే బండి ఎక్కాననీ, పొద్దు ఇంకా బారెడు కూడా ఎక్కలేదనీ, అప్పుడే ఎలా పోతుందనీ బయటి గొంతు నెమ్మదిగా అడిగింది. ఆ నెమ్మదే నాకు ఒళ్ళు మండించింది. అప్పటికి ఆ మాట రోజుకు పదిమందికి చెప్పి విసిగిపోయి ఉన్నాను. యుద్ధం మూలంగా గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరిపారు. పొద్దుతో మాకు పని లేదు, గోడ గడియారంతోనే పని. ఇవన్నీ గట్టిగా చెబుతూ, అలవాటు చొప్పున ఎడమచేతి వేళ్ళ కణుపులతో బల్ల మీద టకటకా కొట్టాను.

బయటి మనిషి వంగి కిటికీలోంచి నన్ను చూశాడు.

“బల్ల మీద గట్ల కొట్టకురా. సారు చూస్తడు.”

అల్వాల్ మిషను బడిలో నాలుగేళ్ళు నా పక్కన, ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. కంటోన్మెంటులో తోటమాలిగా ఉన్న మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. ఆదివారం వాళ్ళంతా చర్చికి వెళితే నేను బయట గోడ మీద కూర్చుని అతని కోసం కాచుకునేవాణ్ణి. లెక్కలు అతను చేసేవాడు, నేను చూసి రాసేవాణ్ణి. అతని బాపు చనిపోయాక శామీర్‌పేటకు వెళ్ళిపోయాడు. వాళ్ళ వంశంలో వస్తున్న నీరటి పని, అంటే చెరువు నీళ్ళు పొలాలకు వంతుల ప్రకారం పంచే పని, అతనికి వచ్చింది. నాకు రైల్వేలో గుమస్తా పని వచ్చింది. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య సైకిలు మీద గంటన్నర దూరం కూడా లేదు. ఆరేళ్ళలో నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా అడిగి ఉంటే, తీరిక లేదని చెప్పి ఉండేవాణ్ణి.

తప్పిపోయిన బండి గురించి అతను ఏమీ బాధపడలేదు. చెల్లెలికి కాన్పయిందట, చూడడానికి వెళుతున్నాడు. సాయంత్రం బండికి పోతాలే అని ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు కింద కూర్చున్నాడు. బండి వచ్చి పోయినప్పుడల్లా నేను బయటికి వెళ్ళి మాట్లాడి వచ్చేవాణ్ణి. మూటలోంచి జొన్నరొట్టె తీసి సగం నాకిచ్చాడు. రొట్టె మీద ఉల్లిగడ్డ, కారం. తింటూ గడియారం సంగతి మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ చెప్పాను.

“సర్కారు పొద్దును ఒక గంట జరిపిందన్నట్టు,” అన్నాడు.

“పొద్దును కాదురా. టైమును.”

“రెండు వేరేనారా?”

దానికి సరైన జవాబు చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. బండి వస్తోందని గంట కొట్టారు, నేను లేచి లోపలికి పోయాను.

నెల తిరక్కముందే శామీర్‌పేటకు బయలుదేరాను. స్నేహం కోసమే వెళ్ళానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. సికింద్రాబాద్‌లో కొత్తగా చేతి గడియారం కొనుక్కున్నాను. పాత జేబు గడియారం పెట్టెలో ఊరికే పడి ఉంది. అది అతనికి ఇచ్చి, అతని కళ్ళలో నన్ను నేను చూసుకోవాలని ఉంది. బయలుదేరే ముందు స్టేషన్ గోడ గడియారం చూసి దానికి ముళ్ళు సరిచేసి, చావి తిప్పి, కోటు జేబులో వేసుకున్నాను. దారిలో సైకిలు చెయిను మూడుసార్లు ఊడింది. మూడుసార్లూ చేతులకు నల్లగా జిడ్డు అంటింది. ఎర్రమట్టి దారిలో, కోటు వేసుకుని, తలకిందులుగా పెట్టిన సైకిలు ముందు గొంతు కూర్చున్న నన్ను ఒక మేకల కాపరి నిలబడి చూశాడు. కోటు విప్పవచ్చు కదా అని అడిగాడు. నేను విప్పలేదు.

అతని ఇల్లు చెరువు కట్ట దిగువన ఉంది. లోపల ఒక మంచం, నాలుగు కుండలు, గోడకు గొంగడి, గూట్లో బైబిలు. దాని పక్కన మా బడిలో ఇచ్చిన పలక. ఆ పలక మీద నీళ్ళ వంతులు గీతలు గీసి ఉంచుకున్నాడు. అంతే. ఆ ఇల్లు చూసి నాకు జాలి వేయలేదు, చిరాకు వేసింది. నీకు ఇంకేమీ అక్కర్లేదా అని అడిగాను. ఏం కావాలె, వాన కావాలె, అన్నాడు. అతని భార్య ముంతలో సల్ల తెచ్చి ఇచ్చింది. మా నాయిన బతికి ఉంటే ఆ ఇంట్లో నన్ను నీళ్ళు కూడా తాగనిచ్చేవాడు కాదు. నేను తాగాను. తాగి, నేనెంత మంచివాణ్ణో అని లోపల మురిసిపోయాను. బడిలో ఏ లెక్కా లేకుండా అతని ముంతలోంచి తాగినవాణ్ణి, పెద్దయ్యాక అదే పని చేసి మురిసిపోయాను.

తర్వాత తూము దగ్గరికి తీసుకెళ్ళాడు. అవి ఎండాకాలపు వరి రోజులు, తాబి పంట అనేవాళ్ళం. చెరువులో నీళ్ళు తగ్గి ఉన్నాయి. తూములోంచి బయటికి వచ్చిన కాలువ కొంచెం దూరంలో రెండుగా చీలుతుంది. పొద్దు పొడిచింది మొదలు మిట్టమధ్యాహ్నం దాకా ఎగువ కాలువకు నీళ్ళు. అక్కణ్ణుంచి పొద్దు గూకేదాకా దిగువ కాలువకు. మధ్యాహ్నం అతను పార తీసుకుని ఎగువ కాలువ నోటికి మట్టీ రాళ్ళూ వేసి మూసి, దిగువ కాలువ నోరు తెరుస్తాడు. మిట్టమధ్యాహ్నం ఎప్పుడైందో తెలియడానికి తూము పక్కన రాతి స్తంభం ఉంది. దాని మొదట్లో పరచిన బండ మీద అతని తాత ఉలితో చెక్కిన గీత ఒకటి ఉంది. స్తంభం నీడ వచ్చి సరిగ్గా ఆ గీత మీద పడుకుంటే మధ్యాహ్నం అయినట్టు. వానకాలమైనా ఎండాకాలమైనా ఆ గీత తప్పదని చెప్పాడు. బండ మీద అరచెయ్యి వేసి తుడిచి చూపించాడు.

నేను జేబు గడియారం తీసి అతని చేతిలో పెట్టాను.

అతను సంతోషించాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఆ క్షణం వరకు నేను చేసినది మంచి పనే. ఆ తర్వాత గడియారంలో పన్నెండయింది. నీడ గీతకు ఇంకా జానెడు దూరంలో ఉంది.

“ఇంక కాలె,” అన్నాడు, గడియారాన్నీ నీడనూ చూసి.

నాకు నవ్వు వచ్చింది, వెంటనే విసుగూ వచ్చింది. పొద్దును నమ్మి బండి పోగొట్టుకున్నవాడు, ఇప్పుడు బండ మీద గీతను పట్టుకుని కూర్చున్నాడు. అదే మాట అన్నాను. సర్కారు గంట జరిపిందని స్టేషన్లో చెప్పలేదా అన్నాను.

“చెప్పినవ్. రైలుకు చెప్పినవ్. చెరువుకు గూడ చెప్పిండ్రా?”

అప్పుడు నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు చెప్పుకోలేను. గడియారం ఎంత జరిగినా సూర్యుడు జరగడని, నీళ్ళ వంతు సూర్యుడిదని, అతను అడిగిన మాటతో నాకు అర్థమైంది. కానీ బడిలో లెక్కలన్నీ అతని దగ్గర చూసి రాసినవాణ్ణి. ఒక్కసారైనా అతనికి ఏదైనా నేర్పాలని ఉంది. ఇంత దూరం వచ్చి, చేతులకు జిడ్డు పూసుకుని, ఓడిపోవడం ఇష్టం లేకపోయింది.

“చెరువెవలిది? సర్కారుదే గదా. రైలుకొక టైము, చెరువుకొక టైము ఉంటదారా?”

అతను బండను అరచేత్తో మళ్ళీ ఒకసారి తుడిచాడు.

“నువ్వు సదువుకున్నోనివి,” అన్నాడు.

అది ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే ఎంత బాగుండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

పార తీసుకుని ఎగువ కాలువ నోరు మూశాడు. రెండు పారల మట్టి పడేసరికి కాలువ గట్టు మీద ఒక ముసలామె పరుగులాంటి నడకతో వచ్చింది. ఎగువ కాలువ చిట్టచివర ఆమెకు ఒకే ఒక మడి ఉంది. అందరి మళ్ళూ తడిశాక ఆఖరి గంటలో గానీ ఆమెకు నీళ్ళు అందవు. పొద్దు ఇంకా నెత్తి మీదికి ఎక్కలేదు బిడ్డా, నీళ్ళు ఇప్పుడిప్పుడే నా మడి కాడికి వస్తున్నాయి, అంది. అతను నా వైపు చూశాడు. నేను ముందుకు వెళ్ళి, గడియారం మూత తీసి, అవ్వా పన్నెండయింది చూడు, అని చూపించాను.

ఆమె గడియారాన్ని చూసింది. నా కోటును చూసింది.

“గా డబ్బిల జూస్తే నా మడి తడుస్తదా?”

నేను నవ్వాను. అతను నవ్వలేదు. నేను సైకిలెక్కి, అతనికి లోకజ్ఞానం చెప్పి వచ్చానన్న తృప్తితో మేడ్చల్ చేరాను.

ఇరవై రోజుల తర్వాత, చింతపండు బస్తాలు వేసుకుని స్టేషనుకు వచ్చిన బండివాడు, నీరటి ఒకసారి రమ్మన్నాడని చెప్పాడు. గడియారం ఆగిపోయి ఉంటుందనుకున్నాను. రోజూ చావి తిప్పమని చెప్పు అని పంపించాను. వారం తర్వాత అదే బండివాడు అదే మాట తెచ్చాడు. నాకు ఎంత విసుగొచ్చిందంటే, నేనేమన్నా గడియారాల మిస్త్రీనా అని అతని మీద అరిచాను. బండివాడు బస్తాలు దించుకుంటూ, నాకేం తెలుసు బాబూ, ఆయన రమ్మన్నాడు, నేను చెప్పిన, అన్నాడు.

ఆ తర్వాత మూడో రోజు టికెట్ల కిటికీలోకి ఒక ఆడమనిషి చెయ్యి వచ్చింది. చేతిలో డబ్బులు లేవు, బట్టలో చుట్టిన నా జేబు గడియారం ఉంది.

నా మిత్రుడి భార్య. శామీర్‌పేట నుంచి నడిచి వచ్చింది. నేను కిటికీ మూసి బయటికి వెళ్ళాను. ఆమె నిలబడే చెప్పింది. పన్నెండు రోజులు అతను గడియారం ప్రకారమే కాలువ మార్చాడు. ఎగువ కాలువ వాళ్ళకు రోజుకు గంట పైన నీళ్ళు తగ్గాయి. చివరి మళ్ళు ఎండడం మొదలయ్యాయి. పదమూడో రోజు అతనే గడియారం పక్కన పెట్టి, మళ్ళీ గీత దగ్గరికి వచ్చి, నాదే తప్పయిందని ఎగువ రైతులకు చెప్పాడు. తప్పు ఒప్పుకున్నాకే కష్టం మొదలైంది. దిగువ కాలువ కింద పెద్ద పొలం ఉన్న పటేలే ఆ గడియారం ఇచ్చి ఇదంతా చేయించాడని ఊళ్ళో మాట పుట్టింది. లేకపోతే నీరటి ఇంట్లోకి గడియారం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎల్లుండి కట్ట మీద పెద్దలు కూర్చుంటున్నారు. నీరటి పని వేరేవాళ్ళకు ఇస్తారు. ఆ పనికిచ్చిన రెండు ముక్కల చెలక భూమీ పోతుంది. తాతల నుంచి వాళ్ళ ఇంట్లో ఉన్న పని.

ఇదంతా విన్న తర్వాత నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ.

“నా పేరు చెప్పిండా?” అన్నాను.

ఆమె నన్ను చూసింది. “చెప్పలె అన్నా. ఎవలిచ్చిండ్రంటే, దోస్తు ఇచ్చిండంటడు. ఏ దోస్తంటే నోరు తెరుస్తలేడు. నీ నౌకరికి అడ్డమొస్తదట.” గడియారం నా చేతిలో పెట్టింది. “దీన్ని నువ్వే ఉంచుకో. ఇంట్ల టిక్కుటిక్కుమంటుంటే అన్నం దిగుతలేదు.”

నాకు ఎందుకంత భయం వేసిందో చెప్పాలి. సర్కారు పేరు పెట్టి, సర్కారు చెప్పని మాట చెప్పాను. ఎవరైనా తాసీలు కచేరీకి అర్జీ రాస్తే, రైల్వే గుమస్తా చెరువు నీళ్ళలో ఎందుకు వేలు పెట్టాడని అడుగుతారు. ఆమెకు, వస్తానులే అని మాత్రం చెప్పాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నట్టే చెప్పాను. ఆమెకు అది తెలిసిపోయింది. కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్ళిపోయింది.

ఎల్లుండి వచ్చేసరికి స్టేషన్ మాస్టరుకు కడుపునొప్పి అని అబద్ధం చెప్పి బయలుదేరాను. ఆ ఒక్క మంచి పనికి కూడా అబద్ధంతోనే బయలుదేరాను. చెయిను ఊడింది. ఈసారి కోటు వేసుకోలేదు. రెండోసారి ఊడినప్పుడు సైకిలును తుమ్మచెట్టుకు ఆనించి వదిలేసి నడిచాను.

కట్ట మీద ముప్పై మంది దాకా కూర్చుని ఉన్నారు. నా మిత్రుడు కొంచెం దూరంగా, పార పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే అతని ముఖంలో కనిపించింది సంతోషం కాదు. పో, పో అన్నట్టు తల ఊపాడు. అది చూసి నాకు అతని మీద ఎంత కోపం వచ్చిందో. నన్ను కాపాడడానికి అతను పడే తంటా అంతా నా మీద బరువుగా పడింది. సాదాసీదా మనిషిలా ఉండి ఇంత బరువు మోపుతాడేమిటి అనిపించింది.

పెద్దల ముందు నిలబడి మాట్లాడాను. యుద్ధం దగ్గర మొదలుపెట్టాను. విలాయతులో ఏం జరుగుతోందో, రైళ్ళ టైములు ఎందుకు మార్చారో, గడియారం ముళ్ళు ఎలా జరుగుతాయో చెబుతూ పోయాను. తప్పు నాదే అన్న ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను. ఒక పెద్దమనిషి, జర్మనీవానికి మా చెరువుతోని ఏం పని అని అడిగాడు. కొందరు నవ్వారు. నేను ఇంకా వివరంగా చెప్పబోయాను.

ఒకే మడి ఉన్న ముసలామె ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది.

“గదంత ఎందుకు బిడ్డా. డబ్బి ఎవలిచ్చిండ్రు? నీళ్ళు ఆపుమని ఎవలు జెప్పిండ్రు?”

“నేనే ఇచ్చిన,” అన్నాను. “నేనే ఆపుమన్న. సర్కారు ఏం జెప్పలె. నేనే అబద్ధం జెప్పిన.”

అంతే. అంత మాటకు యుద్ధం ఎందుకు అడ్డం తెచ్చుకున్నానో నాకే తెలియదు. ఎవరూ అరవలేదు. పటేలుకు దీంతో సంబంధం లేదని నమ్మడానికి వాళ్ళకు ఇంకో రుజువు కావాల్సి వచ్చింది. తూము దగ్గరికి నడిచాం. స్తంభం నీడ గీత మీద పడుకునే దాకా అందరూ అక్కడే నిలబడ్డారు. పడుకున్నాక నా చేతి గడియారం తీసి చూపించాను. ఒంటిగంట దాటి పావుగంట. జేబులోంచి పాత గడియారం తీసి పక్కన పెట్టాను. నాలుగు నిమిషాల తేడాతో అదీ అదే స్టేషన్ టైము. అది నా గడియారమేనని అప్పుడు నమ్మారు.

పెద్దలు చాలాసేపు మాట్లాడుకుని, పార మా వాడి దగ్గరే ఉంచారు. పన్నెండు రోజుల గంటలను ఎగువ కాలువకు తిరిగి ఇవ్వాలన్నారు. పటేలు నోరు మెదపకుండా అన్నాళ్ళూ ఎక్కువ నీళ్ళు తీసుకున్నాడు, ఇప్పుడు నోరు మెదపక తప్పలేదు. సరేనని, లేచి పోతూ నా ముందు ఆగి, బాబూ ఇగ మీ రైలు సంగతి రైలు కాడనే జూసుకోండ్రి, అన్నాడు. నా మీద అర్జీ ఎవరూ రాయలేదు. రాయాలని కూడా ఎవరికీ తోచలేదు. నా భయమంతా నేనొక్కణ్ణే మోసిన మూట.

కానీ ముసలామె మడి అప్పటికే చేయి దాటిపోయింది. తిరిగి ఇచ్చిన నీళ్ళు పడేసరికి కంకులు తాలు పోయాయి. ఆ తాబిలో ఆమెకు గడ్డి తప్ప ఏమీ మిగలలేదు. వడ్లు ఇస్తానని వెళితే, మీ ఇంటి వడ్లు నాకెందుకు, నా మడి వడ్లు కావాలె, అని పంపేసింది.

నా మిత్రుడు నన్ను తిట్టలేదు. ఎందుకు తిట్టవని నేనే ఒకసారి పోట్లాడాను. తిడితే నీళ్ళొస్తాయా అన్నాడు. తర్వాత రెండేళ్ళూ నెలకొకసారి వెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా ఆ నాలుగు కుండలూ, గొంగడీ, పలకా అలాగే ఉండేవి. నాకు చిరాకు తగ్గలేదు, అది నా మీదికి తిరిగింది. నా ఇంట్లో రెండు గడియారాలు ఉన్నాయి. పాతదానికి నేను మళ్ళీ చావి తిప్పలేదు.

యుద్ధం అయిపోయాక గడియారాలు మళ్ళీ ఒక గంట వెనక్కి తిప్పమని ఉత్తర్వు వచ్చింది. స్టేషన్లో స్టూలెక్కి గోడ గడియారం ముళ్ళు తిప్పింది నేనే. మర్నాడు నాకు సెలవు. ఆ సంగతి చెప్పాలని శామీర్‌పేటకు పోయాను. ఆ ఏడు వానలు వెనకబట్టి, అప్పటికే వంతుల నీళ్ళు నడుస్తున్నాయి. అతను తూము దగ్గర బండ తుడుస్తున్నాడు. సర్కారు గంట వాపసు ఇచ్చిందని చెప్పాను.

“ఎవలికిచ్చిండ్రు?” అన్నాడు.

ఎవరికేమిటి, రైళ్ళకు, అన్నాను.

“అవ్వకు ఇయ్యలేదా?”

నవ్వుతూ అన్నాడు. నేను నవ్వలేదు. ఎగువ కాలువ గట్టు మీద, చివరి మడి దగ్గర ఆమె వంగి కలుపు తీస్తోంది. ఇక్కడికి చిన్నగా కనిపిస్తోంది. అతను పార నా చేతికిచ్చి, ఇయ్యాల నువ్వు మూయి, కానీ నేను చెప్పినంక, అన్నాడు. స్తంభం నీడ గీతకు ఇంకా నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. చేతి గడియారం విప్పి జేబులో వేసుకుని, బండ పక్కన అతనితో పాటు కూర్చున్నాను.